ఎర్ర తాళ్ళు నలభై

జనవరి 8

తూనీగా,

ముందు దీవెనలు, ఆ తర్వాతే సంగతులు. నిండు నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ. మీ అమ్మ బాగుంది, నేనూ బాగున్నాను, నా చెవి మిషను మాత్రం బాగా లేదు. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంటుంది. అందుకే ఉత్తరం. పైగా మాట గాలికి పోతుంది, కాగితమైతే బీరువాలో ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఆసుపత్రి రికార్డు రూములో పనిచేస్తున్నవాడికి కాగితం మీద ఆ మాత్రం ప్రేమ ఉండదా?

ఈరోజు నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు. పొద్దున సూపరింటెండెంటుగారి గది బయట నోటీసు అంటించారు. రోగుల మంచాల పక్కన పెట్టి, గుండెనీ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండే కొత్త యంత్రాలు ఇరవై వస్తాయట. కింద కంపెనీ పేరు చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మీ కంపెనీయే! నోటీసు ముందు నిలబడి ఏడ్చేశానంటే నమ్ముతావా? లిఫ్టు నడిపే ఆయన పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారు పెద్దాయనా?" అన్నాడు. "ఎవరూ పోలేదయ్యా, మా అమ్మాయి చేసిన యంత్రం వస్తోంది" అన్నాను. అతను నన్ను లిఫ్టులో కూర్చోబెట్టి ఒకసారి పైకీ కిందకీ తిప్పాడు, అదే సన్మానం అనుకోమన్నాడు.

అక్కణ్ణుంచి పెద్ద నర్సు దగ్గరికి వెళ్ళి, "సిస్టర్, అందులో మెమరీ పని మా అమ్మాయిదే" అని చెప్పాను. ఆవిడ ఊరుకుంటుందా? "అంటే ఏం పని?" అంది. "ఆపరేటింగ్ సిస్టమ్" అన్నాను. "అంటే?" అంది. "చాలా పెద్ద పని" అన్నాను. "అది తెలుస్తూనే ఉంది, మీకే తెలిసినట్టు లేదు" అని నవ్వి వెళ్ళిపోయింది.

అమ్మా, ఏడో తరగతితో ఆగినవాడికి అర్థమయ్యేలా నీ పనేంటో రాసి పంపు. ఆవిడ దగ్గర ఈసారి నోరు వెళ్ళబెట్టకూడదు.

గాలిలో తేలుతున్న
మీ నాన్న


జనవరి 15

నాన్నా,

నువ్వు నోటీసు ముందు నిలబడి ఏడవడం తలుచుకుని ఆఫీసులో నవ్వాను, తర్వాత బాత్రూములోకి వెళ్ళి నేనూ కాస్త ఏడ్చాను. నీ పోలికే.

నీ గదిలోనే చెప్తాను, సరేనా? చిన్నప్పుడు బడి సెలవుల్లో ఆ గదిలో బల్ల కింద కూర్చుని ఆడుకున్నదాన్ని. డాక్టరు కిటికీ దగ్గరికి వచ్చి ఫలానా రోగి కేస్ షీటు కావాలంటాడు. మా యంత్రంలో ఆ డాక్టరు పేరు ప్రాసెసరు. ఓపిక అస్సలు లేని మనిషి. నీ గదిలో కేస్ షీట్లు పెట్టే రాకులు ఉన్నాయే, అవే మెమరీ. చెయ్యి చాపితే అందుతాయి, కానీ చోటు కొంచెమే. ఊరి అవతల లాండ్రీ వెనక గోడౌన్ ఉంది కదా, అది స్టోరేజీ. ఎంతైనా పడుతుంది, కానీ దూరం. రాకులోంచి తీయడానికి నీకు నాలుగు సెకన్లు పడితే, గోడౌనుకి వెళ్ళి రావడానికి గంటంపావు. దగ్గర దగ్గర వెయ్యి రెట్లు. మా యంత్రంలో కూడా తేడా సుమారుగా అంతే.

ఇప్పుడు ఏది రాకులో ఉండాలి, ఏది గోడౌనుకి పోవాలి? అన్నీ ముందే పెట్టుకుంటే వేగం ఉంటుంది, గది సరిపోదు. అన్నీ అవతలికి పంపితే గది ఖాళీ, డాక్టరు కిటికీ దగ్గర నిలబడే ఉంటాడు. మాది మంచం పక్కన పెట్టే చిన్న యంత్రం. దాని గది నీ గదికన్నా ఇరుకు. రెండూ కుదిరేలా చూడటమే నా పని. అంటే నాన్నా, నేను చేసేది నీ ఉద్యోగమే.

ఎలా చేస్తామో కూడా చెప్తాను. మెమరీని పేజీలుగా విడగొడతాం. ప్రాసెసరు ఒక పేజీని వాడిన ప్రతిసారీ దాని మీద ఒక గుర్తు పడుతుంది. నా ప్రోగ్రాము గడియారం ముల్లులా అన్ని పేజీల చుట్టూ తిరుగుతుంది. గుర్తు ఉంటే తుడిచి వదిలేస్తుంది. మళ్ళీ వచ్చేసరికి గుర్తు లేకపోతే, ఈ మధ్య దీన్ని ఎవరూ ముట్టుకోలేదని, అవతలికి పంపేస్తుంది. దానికి ఇష్టాయిష్టాలు లేవు. నువ్వు ముఖ్యమా కాదా అని ఏ పేజీనీ అడగదు. ఇది పెట్టాక, యంత్రంలో ఎదురుచూపు సగటున పదో వంతుకి పడిపోయింది! మార్చిలో ఆఖరి పరీక్ష. అది అయితేనే యంత్రాలు మీ దగ్గరికి వస్తాయి.

అమ్మని అడిగానని చెప్పు.

నీ తూనీగ


జనవరి 24

తల్లీ తూనీగా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. మీ అమ్మ, "ఏమిటా కసరత్తు?" అంది.

నా సుద్దముక్క నీకు గుర్తు లేదా? కేస్ షీటు బయటికి వెళ్ళి తిరిగి వచ్చిన ప్రతిసారీ దాని వీపు మీద సుద్దతో ఒక గీత గీస్తాను. సోమవారం సోమవారం తడిగుడ్డ పట్టుకుని రాకుల చుట్టూ తిరుగుతాను. గీత ఉన్నదాన్ని తుడిచి వదిలేస్తాను. లేనిదాన్ని గోనెసంచిలో వేసి గోడౌనుకి పంపిస్తాను. ఎవరూ నేర్పలేదమ్మా, గది ఇరుకై, ఊపిరాడక, చేతికి తోచింది చేశాను. అదే పని నువ్వు అంత చదువు చదివి, గోరంత యంత్రంలో చేయిస్తున్నావా! నేను వారానికి ఒక్కసారి తిరిగితే మోకాళ్ళు పట్టేస్తాయి. నీ ముల్లు ఎంతకోసారి తిరుగుతుంది? సెకనుకి చాలాసార్లా? ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. మంచం మీద మనిషి పడుకుని ఉంటాడు, పక్కన ఒక పెట్టె చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. దాని లోపల నాలాంటివాడొకడు తడిగుడ్డ పట్టుకుని, మనం కన్ను మూసి తెరిచేలోపు లక్ష రాకులు తుడిచి వస్తుంటాడు. దేవుడి పని ఇంతకన్నా వేరుగా ఉంటుందా?

ఉత్తరం పెద్ద నర్సుకి చదివి వినిపించాను. ఈసారి ఆవిడే నోరు వెళ్ళబెట్టింది. లిఫ్టాయనకి నాలుగు అంతస్తుల్లో నాలుగు ముక్కలుగా చదివాను. మీ అమ్మకి రెండుసార్లు. రెండోసారి ఆవిడ, "అయితే మన ఇంట్లో నీ పాత చెప్పులకి కూడా గుర్తు పెట్టు, ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు" అంది.

ఒక్క మాట నా గుండెలో నాటుకుపోయింది. దానికి ఇష్టాయిష్టాలు లేవు అన్నావు. నాకున్నాయమ్మా. ఆ గదిలో నావి కొన్ని పాత చాదస్తాలు మిగిలాయి. నీ యంత్రానికి లేనివి నాకెందుకు? అన్నీ తీసేసి పూర్తిగా నీ పద్ధతిలోకి వచ్చేస్తున్నాను. ఈ వయసులో కూతురి దగ్గర పని నేర్చుకునే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది?

నీ శిష్యుడు
మీ నాన్న


ఫిబ్రవరి 2

నాన్నా,

సుద్దగీత! బల్ల కింద కూర్చుని ఆ సుద్దముక్కలు దొంగిలించి నేల మీద బొమ్మలు గీసింది నేనే కదా. అయినా ఆ గీత ఎందుకో ఏ రోజూ అడగలేదు. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ళు నీకు దగ్గర చుట్టాలు అయ్యుండాలి.

చాదస్తాలు తీసేస్తానన్నావు, చాలా మంచిది. విరిగిన స్టేప్లర్లు, సిరా లేని ముద్రలు, ఆ సగం కాలిన బల్బులు, అన్నీ పారెయ్యి. అమ్మ ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటోంది.

పరీక్షకి యంత్రాన్ని ఒక బొమ్మ మనిషికి తగిలించారు. అది ఊపిరి తీస్తుంది, గుండె కొట్టుకుంటుంది. అడిగితే ఆపేస్తుంది కూడా. రోజూ దాని పక్కనే కూర్చుంటున్నాను. ఊపిరి పీల్చుకోవడానికి తీరిక లేనిది నాకే.

తూనీగ


ఫిబ్రవరి 12

బంగారు తల్లీ,

నువ్వు ఊఁ అన్నావు, నేను చేసేశాను! మూడు రాకులు ఖాళీ అయ్యాయి. గదిలో ఇప్పుడు మనిషి పక్కకి తిరగకుండా నడవచ్చు. కిటికీ దగ్గర బెంచీ వేయించాను. కేస్ షీటు కోసం వచ్చినవాళ్ళు ఇదివరకు నిలబడేవాళ్ళు, ఇప్పుడు కూర్చునేలోపే చేతికి అందుతోంది. సూపరింటెండెంటుగారు స్వయంగా వచ్చి చూసి, "ఏం చేశారు పెద్దాయనా, గది పెరిగిందా?" అన్నారు. "గది పెరగలేదు సార్, మా అమ్మాయి బుర్ర పెరిగింది" అన్నాను. ఆయన నవ్వి, నెలాఖరు మీటింగులో అందరికీ చెప్పమన్నారు. మీటింగులో నేను! కొత్త చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

బొమ్మ మనిషిని అడిగానని చెప్పు. పాపం, అడిగినప్పుడల్లా ఊపిరి ఆపాలంటే దానికెంత కష్టమో.

మీ నాన్న, ఉబ్బి తబ్బిబ్బవుతూ


ఫిబ్రవరి 20

నాన్నా,

పరీక్ష వాయిదా పడింది. యంత్రం గురించి దయచేసి ఇంకెవరికీ చెప్పకు. కొన్నాళ్ళు దాని గురించి నాకు రాయకు కూడా. నేను బాగానే ఉన్నాను.

తూనీగ


ఫిబ్రవరి 27

తూనీగా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం పదిసార్లు చదివాను. తప్పు నాదేనమ్మా. ఆఫీసు గుట్టు ఊరంతా దండోరా వేశాను. మీ పైవాళ్ళకి తెలిసి నిన్ను కోప్పడ్డారేమో, అందుకే పరీక్ష ఆపారేమో. నా నోటికి తాళం లేకపోవడం వల్ల నీకు ఇంత వచ్చిపడింది.

దిద్దుకునే ప్రయత్నంలో ఉన్నాను. మీటింగుకి ఒంట్లో బాగాలేదని కబురు పంపాను. లిఫ్టాయన దగ్గరికి వెళ్ళి, "నేను చెప్పిందంతా మర్చిపో" అన్నాను. "ఏది?" అన్నాడు. "అదే, గడియారం ముల్లు, సుద్దగీత, లక్ష రాకులు" అని గుర్తుచేశాను. "మర్చిపోయినదాన్ని మీరే మళ్ళీ చెప్పారు కదండీ" అన్నాడు. పెద్ద నర్సయితే, "మర్చిపోవాలంటే పూర్తిగా అర్థం కావాలి, రెండో పేజీ ఇంకోసారి చదవండి" అంది. మీ అమ్మ తల కొట్టుకుంది. "అది అలిగి రాసిన ఉత్తరం కాదు, భయపడి రాసింది. నీకు అక్షరాలు కనిపిస్తాయి గానీ చెయ్యి కనిపించదా?" అంది. నిజమా తల్లీ? ఏమైంది?

రాయొద్దన్నావు కాబట్టి యంత్రం గురించి ఏమీ అడగడం లేదు.

మీ నాన్న


మార్చి 5

అమ్మా తూనీగా,

ఇది చెప్పకుండా ఉండలేను. చెప్పాక నీ ముఖం చూడలేను. అందుకే కాగితం మంచిది.

చాదస్తాలు తీసేశానన్నాను కదా. అవి స్టేప్లర్లు కావమ్మా. ఎర్ర తాళ్ళు. తలుపు పక్కన చిన్న రాకు ఉంది, నలభై కేస్ షీట్లు పడతాయి. వాటికి ఎర్ర తాడు కట్టి ఉంటుంది. వాటి మీద సుద్దగీత ఉన్నా లేకపోయినా, పదేళ్ళు ఎవరూ అడగకపోయినా, గోడౌనుకి పంపకూడదు. నాకు ముందు ఆ గది చూసుకున్న పెద్దావిడ పెట్టిన ఏర్పాటు. నీ ఉత్తరం చదివాక అది నాకు పక్షపాతంలా కనిపించింది. నలభై తాళ్ళూ విప్పి టీ డబ్బాలో పడేశాను. గీత లేనివన్నీ గోనెసంచిలో వెళ్ళిపోయాయి.

సోమవారం పొద్దున ఆపరేషన్ థియేటరు నుంచి చీటీ వచ్చింది. కుట్టుపని చేసుకునే ఆవిడ, పిత్తాశయంలో రాయి, ఆపరేషను. పాత కేస్ షీటు ఉంటే పంపండి, లేకపోతే ఫరవాలేదు, కొత్తది రాసుకుంటాం అని. చీటీ మీద నంబరు చూశాను. నేను ఆలోచించలేదమ్మా, నా చెయ్యి దానంతటదే తలుపు పక్క రాకు మీదికి వెళ్ళింది. అక్కడ ఏముంది? ఖాళీ చెక్క. ఆ నంబరుకి తాడు కట్టింది నేనే. ఎందుకు కట్టానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

మెట్లెలా ఎక్కానో తెలియదు. థియేటరు గుమ్మంలో నిలబడి, "ఆపండి" అని అరిచాను. మత్తు ఇచ్చే డాక్టరమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తోంది. "ఏంటి పెద్దాయనా?" అంది.

"ఆవిడ పాత కేస్ షీటు చూడకుండా మత్తు ఇవ్వకండమ్మా."

"అందులో ఏముంది?"

"తెలియదు."

"తెలియకుండా ఆపమంటే ఎలా?"

"దానికి ఎర్ర తాడు ఉండేదమ్మా."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. సూది పళ్ళెంలో పెట్టేసింది. "ఎంతసేపట్లో తెస్తారు?" అంది. అంతే. ఇంకొక్క మాట అడగలేదు. ఆ పెద్దావిడ మొదలుపెట్టిన తాడుకి ఈ ఆసుపత్రిలో ఇంత విలువ ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు తల్లీ.

అంబులెన్సు డ్రైవరు నన్ను గోడౌనుకి తీసుకెళ్ళాడు. ఇద్దరం గోనెసంచులు బోర్లించాం. దొరికింది. పద్నాలుగేళ్ళ కిందట, ఆవిడకి అప్పుడు పందొమ్మిది, చిన్న ఆపరేషనుకి మత్తు ఇస్తే ఊపిరి ఆగిపోయింది. ఎలాగో బతికించారు. ఫలానా మందు మళ్ళీ ఇవ్వకూడదని మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంది. అప్పుడు స్పృహలో లేని మనిషికి ఆ సంగతేం తెలుస్తుంది? చెప్పాల్సిన తండ్రి ఎప్పుడో పోయాడట. డాక్టరమ్మ ఆ పేజీ చదివి, పళ్ళెంలో సూది వైపు చూసి, స్టూలు మీద కూర్చుండిపోయింది. అదే మందు.

వేరే మందుతో మధ్యాహ్నం ఆపరేషను చేశారు. ఆవిడ బాగుంది. నిన్న గంజి తాగింది. నేనే ఇంకా ఏమీ తినలేకపోతున్నాను.

నీ పద్ధతిని తప్పుపట్టడం లేదమ్మా. నువ్వు చెప్పింది నిజమే, నేనే అతిగా పోయాను. నీ పరువు తీశాను. తాళ్ళు నలభై మళ్ళీ కట్టేశాను.

మీ నాన్న


మార్చి 9

నాన్నా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. థియేటరు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి చదివాను. ఆ తర్వాత కాగితం బల్ల మీద పెట్టి, యంత్రం ఉన్న గదిలోకి పరుగెత్తాను.

నేను నీ మీద అలగలేదు. నువ్వు ఎవరికి చెప్పినా నాకేం కాలేదు. అమ్మ చెప్పిందే నిజం, భయపడ్డాను. ఫిబ్రవరి పద్దెనిమిదిన బొమ్మ మనిషి ఊపిరి ఆపింది. యంత్రం వెంటనే మోగాలి. ఆరు సెకన్లు మోగలేదు నాన్నా. నేను దాని పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. అది బొమ్మ కాకపోతే?

ఆ రోజు నుంచి వెతుకుతూనే ఉన్నాం. శబ్దం చేసే భాగాన్ని విప్పాం, వైర్లు మార్చాం. మళ్ళీ పరీక్షిస్తే వెంటనే మోగుతుంది. పదిసార్లు చూస్తే పదిసార్లూ మోగుతుంది. తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు తెలిసింది. ఆ రోజుకి ముందు పదకొండు రోజులు బొమ్మ హాయిగా ఊపిరి తీసింది. అలారం మోగించే పేజీలని పదకొండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. నా ముల్లు వాటి మీదుగా తిరిగింది, గుర్తు లేదు, గోడౌనుకి పంపేసింది. ఊపిరి ఆగినప్పుడు వాటిని ఒకదాని వెనక ఒకటి మోసుకురావాలి, వచ్చినవాటికి చోటివ్వడానికి ఇంకోదాన్ని బయటికి పంపాలి. ఆరు సెకన్లు అక్కడ పోయాయి. మేము వెంటవెంటనే పరీక్షించినప్పుడల్లా వాటి మీద గుర్తు పడుతూనే ఉంది, అందుకే అవి రాకులోనే ఉన్నాయి, అలారం వెంటనే మోగింది. వెతికే పనే తప్పుని దాచేసింది!

ముఖ్యమా కాదా అని ఏ పేజీనీ అడగదని నీకు గొప్పగా రాశాను చూడు, అదే తప్పు. సగటు చూసి మురిసిపోయాను. బతుకులో ఒక్కసారి మోగాల్సినది సగటులో కనిపించదు.

కొన్ని పేజీలని కదలకుండా మెమరీలో బిగించి ఉంచే వీలు మాకూ ఉంది. పుస్తకాల్లో చదివాను, పరీక్ష కూడా రాశాను. మా పెద్ద ఇంజినీరుకి అదంటే భయం. "ఆ తలుపు తీశావంటే తెర రంగుల వాళ్ళు, ప్రింటు వాళ్ళు, అందరూ మాది ముఖ్యమంటే మాది ముఖ్యమని బిగించుకుంటారు. రాకులన్నీ నిండి యంత్రం నత్తలా నడుస్తుంది" అంటారు. అదీ నిజమే. అందుకే అడుగుతున్నాను నాన్నా, సరదాకి కాదు. నలభై ఎందుకు? ఎవరికి కట్టాలో ఎలా తేల్చుకుంటావు? ఉన్నదున్నట్టు రాయి.

నువ్వు నా పరువు తీయలేదు. అన్నం తిను.

తూనీగ


మార్చి 14

తల్లీ,

అన్నం తిన్నాను. నీ ఉత్తరం చదివాక రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

నాకు నువ్వు ప్రశ్న రాయడమా! సరే, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నలభై ఎందుకంటే, ఆ రాకులో నలభయ్యే పడతాయి. అంతకన్నా పెద్ద రాకు అక్కడ పెడితే తలుపు తెరుచుకోదు. కొత్తలో నేనూ పెద్దావిడని అడిగాను, "ఇంకో ఉండ తాడు తెప్పిద్దామా?" అని. ఆవిడ కసిరింది. "అన్నిటికీ కడితే అది కట్టనట్టే. కొత్తదానికి కట్టాలంటే పాతదాని దగ్గరికి వెళ్ళి విప్పమని అడుగు. విప్పేటప్పుడు నీ చెయ్యి ఆగిందనుకో, కొత్తది అంత ముఖ్యం కాదన్నమాట" అంది. ఇన్నేళ్ళలో నాకు నలభై ఒకటో తాడు లేదు.

ఎవరికి కట్టాలంటావా? దీన్ని ఎన్నిసార్లు అడుగుతారు అని చూడను, ఆ లెక్క సుద్దముక్క చూసుకుంటుంది. అడిగిన రోజున ఇది గంటంపావు ఆలస్యమైతే ఏమవుతుంది అని చూస్తాను. డాక్టరు విసుక్కుంటాడు అంటే కట్టను. సూపరింటెండెంటు అరుస్తాడు అన్నా కట్టను, అరవనీ. మనిషి ఉండడు అంటేనే కడతాను. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి తమ కేస్ షీటు తలుపు పక్కన పెట్టమన్నారు. మర్యాదగా టీ ఇచ్చి పంపించాను.

మీ రంగులవాళ్ళకీ ప్రింటువాళ్ళకీ టీ ఇవ్వు.

మీ నాన్న


ఏప్రిల్ 6

నాన్నా,

టీ ఇచ్చాను. నిజంగానే. మీటింగు గదిలో అందరికీ టీ పోసి, నీ ఉత్తరం చదివాను. మెమరీలో ఒక చిన్న భాగాన్ని తలుపు పక్క రాకుగా విడగొట్టాం, దాని కొలత మారదు. ఎవరైనా ఏదైనా అక్కడ పెట్టాలంటే, ఉన్నదాంట్లో దేన్ని తీయాలో వాళ్ళే చెప్పాలి, ఎందుకో అందరి ముందూ చెప్పాలి. ప్రింటువాళ్ళు పదిహేను నిమిషాలు మాట్లాడి, చివరికి వాళ్ళే, "మాది ఆలస్యమైతే కాగితం ఆలస్యమవుతుంది, అంతే" అని కూర్చున్నారు. మిగిలిన మెమరీ అంతా నీ సుద్దముక్కదే, అక్కడ పద్ధతి మారలేదు. అలారం రాకు పోను మిగిలిన చోటు తగ్గింది కాబట్టి సగటు ఎదురుచూపు కాస్త పెరిగింది. పెరగనీ అన్నారు మా పెద్ద ఇంజినీరు.

తర్వాత యంత్రాన్ని పదకొండు రోజులు ముట్టుకోకుండా వదిలేశాం. నా బతుకులో అంత పొడుగైన పదకొండు రోజులు లేవు. పన్నెండో రోజు పొద్దున అందరం చుట్టూ నిలబడ్డాం. బొమ్మ ఊపిరి ఆపింది. మోగింది నాన్నా. నేను రెప్ప వేయలేదు, అప్పటికే మోగింది.

ప్రోగ్రాములో ఆ భాగానికి ఒక పేరు పెట్టాలి. మావాళ్ళు ఏవేవో చెప్పారు. నేను ఎర్ర తాడు అని రాశాను. మన ఊరు వచ్చే ఇరవై యంత్రాల్లోనూ ఉంటుంది, తర్వాత ఎన్ని చేస్తే అన్నిటిలోనూ.

ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో.

నీ తూనీగ


ఏప్రిల్ 25

తూనీగా,

యంత్రాలు వచ్చాయి. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆశ్చర్యపోకు, నీ ఉత్తరం మడిచి బీరువాలో పెట్టేశాను. మీ అమ్మ భయపడి జ్వరం ఉందేమోనని నుదురు పట్టి చూసింది. తర్వాత తనే ఉత్తరం తీసుకుని వెళ్ళి పెద్ద నర్సుకీ, లిఫ్టాయనకీ, మత్తు డాక్టరమ్మకీ, దారిలో ఎదురైన ప్రతి మనిషికీ చదివి వినిపించింది. నన్ను దండోరా అంటుంది గానీ!

కుట్టుపని ఆవిడ నిన్న కుట్లు చూపించుకోవడానికి వచ్చింది. డాక్టరమ్మ అంతా చెప్పినట్టుంది. మన తాళ్ళు చీకిపోయాయని ఎర్ర గుడ్డతో అంచు మడిచి కొత్తవి కుట్టి తెచ్చింది. ఎంత బిగువుగా కుట్టిందో! యాభై ఉన్నాయి. పది తిరిగి ఇచ్చేశాను. "ఉంచుకోండి బాబాయ్, ఎప్పుడైనా పనికొస్తాయి" అంది. "పనికొస్తాయనే వద్దంటున్నానమ్మా" అన్నాను. అర్థం కాక నవ్వింది. ఆవిడ కేస్ షీటుకి ఆవిడ చేతే కట్టించాను. దాని పాత తాడు ఈ ఉత్తరంలో పెట్టాను, నీ బల్ల దగ్గర ఉంచుకో.

సాయంత్రం పెద్ద నర్సు నన్నూ మీ అమ్మనీ వార్డులోకి తీసుకెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన నిద్రపోతున్నాడు, నా వయసే ఉంటుంది. తల దగ్గర నీ యంత్రం. పచ్చటి గీత ఒకటి లేస్తోంది, పడుతోంది. స్టూలు వేసుకుని కూర్చున్నాను. మీ అమ్మ నా చెవిలో, "అది మోగితే నీకెలాగూ వినపడదు, ఇక్కడెందుకు కాపలా?" అంది. నేను చెవి మిషను సరిచేసుకుని, దానికి ఎంత పెద్దగా వినడం వచ్చో అంత పెద్దది చేసుకున్నాను.

అరగంట కూర్చున్నాను తల్లీ. లోపల తడిగుడ్డ పట్టుకున్నవాడు లక్ష రాకులూ తిరుగుతూనే ఉన్నాడని నాకు తెలుసు. తలుపు పక్క రాకులో ఒకటి ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ అడగకుండా, తాడు కట్టించుకుని కూర్చుని ఉందనీ తెలుసు. రోజులు, నెలలు, ఏళ్ళు, దాని పని అలా కూర్చోవడమే. మంచం మీద ఆయనకి ఆ సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు. పెద్దాయన ఊపిరి తీస్తున్నాడు. గీత లేస్తోంది, పడుతోంది.

మోగలేదమ్మా. ఎంత బాగుందో వినడానికి.

మీ నాన్న